గొంతుక్కూర్చున్న ఆటగాడు

"నిన్నెవురు ముట్టుకోమన్నారు దాన్ని?"

"ముట్టుకోకపోతే అప్పడం మాదిరి వంకర తిరుగుతాండాది. నీకు కనపళ్యా?"

"తిరిగితే తిరగనీ. నాది గదా తిరిగేది!"

"రేపొచ్చే మనిషి చేతికి వంకర కాగితం ఇస్తావా? నవ్వడా వాడు?"

"ఇప్పుడు నవ్వుతాడు. కడుపు పట్టుకోని నవ్వుతాడు. నువ్వు చేసిన పనికి ఈడ్నుంచి మస్కట్ దాకా నవ్వుతారు."

"ఏం చేసినా నేను? దొంగతనం చేసినానా? నా దుడ్లు పెట్టి ప్లాస్టిక్ ఏపిచ్చుకోని వస్తే, మెచ్చుకోకపోగా..."

"దాని పీక పిసికినావే! ఊపిరాడకుండా పిసికి తెచ్చి మెచ్చుకోమంటాండావు!"

మా ఆయన నా మీద అంత గొంతు పెంచడం ఈ కాపురంలో నాకు గుర్తున్నంతవరకు మూడోసారి. అది గురువారం, సాయంత్రపు అసర్ నమాజు అయిన వేళ. ఒమాన్‌లోని సూర్ ఊళ్ళో మేము పనిచేసే ఇంటి వెనక, గోడవారగా మాకొక గది ఇచ్చారు. నేను ఆ ఇంట్లో వంట చేస్తాను, ఆయన కారు నడుపుతాడు. ఒకే ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు డ్యూటీ దొరకడం అదృష్టమని మా కడపవాళ్ళందరూ అంటారు. ఆ గురువారం మాత్రం నాకు అలా అనిపించలేదు.

ఆయన చేతిలో ఉన్నది అరచేయంత అట్టముక్క. దాని మీద టోపీ పెట్టుకున్న ఒక అమెరికా ఆటగాడు బంతి విసరబోతూ ఉంటాడు. నేను దాన్ని మధ్యాహ్నం బజారుకు తీసుకుపోయి, జిరాక్సు అంగడిలో రెండు వైపులా ప్లాస్టిక్ వేయించి తెచ్చాను. నీళ్ళు పోసినా తడవదు, చెమట చేతులతో పట్టుకున్నా మరక పడదు, వంకర అసలే పోదు. అద్దంలా మెరుస్తోంది. ఆయన మొహంలో కూడా ఒక మెరుపు చూద్దామని తలుపు దగ్గరే నిలబడి చేతికిచ్చాను. అప్పుడు మొదలైంది గొడవ.

చదివేవాళ్ళకు ఈ కార్డుల సంగతి చెప్పాలి. నాకే అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పటి ఇంట్లో చేరకముందు మా ఆయన ఇక్కడి గ్యాసు ప్లాంటులో పని తీసుకున్న ఒక కంపెనీకి వ్యాను నడిపేవాడు. రోజూ ఆ వ్యానులో ఒక అమెరికా ఇంజినీరు ఎక్కేవాడు. శుక్రవారాలు ఆ సారూ, కొందరు ఫిలిప్పీన్సువాళ్ళూ కలిసి కంపెనీ క్యాంపు పక్కన మట్టినేలలో బేస్‌బాల్ ఆడేవాళ్ళు. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు లావు కర్రతో కొడతాడు, మిగిలినవాళ్ళు తలో చోటా నిలబడి పట్టుకుంటారు. పట్టేవాళ్ళు తొమ్మిదిమంది ఉండాలంట. ఒక శుక్రవారం ఎనిమిదిమందే వచ్చారు. వ్యానులో కూర్చుని పల్లీలు తింటున్న మా ఆయన్ని పిలిచి, ఎడమ చేతికి తోలు తొడుగొకటి తగిలించి, దూరంగా కుడివైపు మూలన నిలబెట్టారు.

"ఆ మూలకు బంతి రాదంట. అందుకే నన్ను ఆడ పెట్టినారు," అని ఆ రోజు ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడు.

వారం వారం పోయి ఆ మూలన నిలబడేవాడు. ఎన్నో వారానికో బంతి ఆ మూలకు రానే వచ్చింది. ఈయన పట్టాడు. అందరూ కేకలు పెట్టారంట. బంతి విసిరేవాడికి ఎదురుగా, ముఖానికి ఎలుకల బోను లాంటి ఇనుపజాలీ కట్టుకొని గొంతుక్కూర్చునే చోటు ఒకటుంది. అది ఆ సారు చోటు. ఆయన జాలీ తీసి పారేసి, అక్కడినుంచి మూలదాకా పరుగెత్తుకొచ్చి ఈయన వీపు చరిచాడంట. ఆ చరుపు గురించి నాకు ఎన్నిసార్లు చెప్పాడో! నా వీపు మీదే పడినట్టు నాకు బాగా తెలుసు దాని బరువు.

సారు దేశం వెళ్ళిపోతూ ఈయనకు ఒక కార్డు ఇచ్చాడు. బంతి విసిరేవాడి బొమ్మ. వాళ్ళ దేశంలో ప్రతి ఏడూ తొమ్మిది చోట్లకూ తొమ్మిది బహుమతులు ఇస్తారంట, ఆ ఏడు ఆ చోట అందరికంటే బాగా బంతి పట్టినవాడికి. కర్రతో బాగా కొట్టినందుకు కాదు, పట్టినందుకు. ఈ కార్డులోవాడు ఆ బహుమతి తెచ్చుకున్నవాడని సారు చెప్పాడు. అదే మా ఆయన మెదడులో పడింది. తొమ్మిది చోట్లకూ తొమ్మిదిమందిని, ఒక్కొక్కడూ బహుమతి పొందినవాడే అయి ఉండాలి, అట్లా ఒక జట్టును కూర్చాలని పట్టుబట్టాడు.

నేను ఊరుకుంటానా? "మనవరాలు పెద్దదైతాండాది, నీకు బొమ్మల పిచ్చి పట్టిందా?" అని కడిగాను. కడిగితే ఏమన్నాడో తెలుసా? "సిగరెట్లు మానేస్తా," అన్నాడు. మానేశాడు కూడా. ఇరవై ఏళ్ళు నేను మొత్తుకున్నా మానని మనిషి, టోపీ పెట్టుకున్న తెల్లోళ్ళ కోసం మానేశాడు.

కార్డుల వెనక చిన్న అక్షరాలతో ఇంగ్లీషు ఉంటుంది. మా ఆయనకు రోడ్డు బోర్డుల ఇంగ్లీషే వచ్చు. నేను చదివింది నాలుగో తరగతి. అందుకని దొరికిన కార్డునల్లా ఫోనులో ప్రొద్దుటూరులోని మనవరాలికి చూపించేవాడు. ఆ పిల్ల చదివి, "తాతా, ఈయనకు ఆ బహుమతి వచ్చినట్టు ఉండాది," అంటే ఫైలులోకి. లేదంటే ఎంత గొప్పవాడైనా బయటికే. ఒకసారి ఎవరో పేరు మోసిన ఆటగాడి కార్డు ఊరికే ఇస్తామన్నా తీసుకోలేదు. "వానికి కర్ర తిప్పడమే వచ్చు. బంతి పట్టడం రాదంట. నా జట్టులో వానికేం పని?" అన్నాడు. అల్లుడి ఎంపికలో కూడా ఇంత పట్టింపు చూపలేదు ఈ మనిషి.

అట్లా ఎనిమిదిమంది దొరికారు. ఫైలులో తొమ్మిది అరలున్న ఒక ప్లాస్టిక్ కాగితంలో వాళ్ళను పెట్టుకున్నాడు. మిగిలింది గొంతుక్కూర్చునేవాడి అర ఒక్కటే. అది రెండేళ్ళు ఖాళీగా ఉంది.

ఆ కార్డు మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఏసీలు బాగుచేసే ఒక ఫిలిప్పీన్సు మనిషి దగ్గర ఉందని ఫోనులో తెలిసింది. ఆయనకూ కార్డుల పిచ్చే. అమ్మనన్నాడు, మార్చుకుంటానన్నాడు. ఆయనకు కావలసింది సారు ఇచ్చిన ఆ విసిరేవాడి కార్డు లాంటిదే. ఇంత వెతుకులాటలో మా ఆయనకు అచ్చం అటువంటిది, అదే ఏటిది, ఇంకొకటి పాత కార్డుల డబ్బాలో దొరికి ఉంది. సారు ఇచ్చింది ఫైలులో ఉంటుంది, రెండోది ఇచ్చి గొంతుక్కూర్చున్నవాణ్ణి తెచ్చుకోవచ్చు. అంతా కుదిరింది. శుక్రవారం పొద్దున ఆ మనిషి చేపల వేటకని స్నేహితులతో సూర్ వస్తున్నాడు. ఏడు గంటలకు మా గేటు దగ్గర ఆగుతానన్నాడు. అల్ సువైక్‌లో ఒక అంగడాయన కూడా ఆ కార్డు అడుగుతున్నాడనీ, ఇక్కడ కుదరకపోతే ఆదివారం అతనికి ఇచ్చేస్తాననీ చెప్పాడు.

ఆ వారమంతా మా ఆయన పెళ్ళి పెట్టుకున్న ఇంట్లో తిరిగినట్టు తిరిగాడు. ఆ రెండో కార్డును ఒక కవరులో పెట్టి, కవరును దిండు కింద పెట్టి, గంటకోసారి తీసి చూసుకునేవాడు. సూర్ ఉప్పుగాలికి ఏ కాగితమూ తిన్నగా ఉండదు. ఏసీ వేస్తే ఎండుతుంది, ఆపితే చెమ్మ పీలుస్తుంది. బుధవారానికి దాని ఒక అంచు లేచింది. ఈయన బియ్యం డబ్బా కింద పెట్టి అణిచాడు. తీస్తే మళ్ళీ లేచింది. "అంచు లేచిందంటే వద్దంటాడేమో," అని నాలుగుసార్లు అన్నాడు. నాతో కాదు, తనలో తను. కానీ గది చిన్నది, నాకు వినబడింది.

నాకు తెలిసిన మందు ఒకటే, ప్లాస్టిక్ వేయించడం.

దీనికీ ఒక కథ ఉంది. నేను మొదటిసారి ఒమాన్‌కు వచ్చినప్పుడు నా ఒప్పందం కాగితాన్ని ఎవరైనా కొట్టేస్తారని రవికెలో దాచుకున్నాను. జూన్ నెల. దిగిన నాడే చెమటకు తడిసి, సిరా కారిపోయి, రెండు రోజుల తర్వాత ఆఫీసులో తీసి చూపిస్తే నీలం మరక తప్ప ఏమీ లేదు. కిటికీ వెనక మనిషి దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని, ఇది ఏమిటి అన్నట్టు చూశాడు. కొత్త కాగితం వచ్చేదాకా ఇరవై రోజులు నేను ఎవరినో, ఎందుకు వచ్చానో చెప్పే దిక్కు లేకుండా ఒక హాలులో కూర్చున్నాను. ఆ తర్వాత నా చేతికి వచ్చిన ఏ కాగితాన్నీ నేను ఉత్తగా ఉంచలేదు. ఇక్కడ ఉండటానికి ఇచ్చే బతాకా కార్డు జిరాక్సు, రేషను కార్డు, మా పెళ్ళి ఫోటో, మనవరాలి పదో తరగతి మార్కులు, చివరికి మా అమ్మ చేతిరాతతో ఉన్న ఒక్క ఉత్తరం, అన్నిటికీ ప్లాస్టిక్ వేయించాను. నాతోటి ఆడవాళ్ళు కూడా అంతే. జిరాక్సు అంగడి ముందు గురువారాలు మా వరుస చూడాలి. విలువైనదైతే ప్లాస్టిక్ వేయించాలి, వేయించలేదంటే విలువలేనిది, మాకు తెలిసింది అంతే.

కాబట్టి ఆయన కార్డుకు నేను వేయించానంటే, పదేళ్ళుగా తిట్టిన ఆ బొమ్మలను మా అమ్మ ఉత్తరం పక్కన కూర్చోబెట్టానన్నమాట. ఆ మాట గొడవలో చెప్పలేకపోయాను. నోటికొచ్చింది వేరే.

"నెత్తిన పెట్టుకోని ఊరేగు, పో! ఇంగొకటి ఉండాది గదా, సారు ఇచ్చింది. అదియ్యి వానికి."

"ప్రాణం పోయినా అదియ్యను."

"మళ్ల ఎట్ల జేస్తావు?"

"నువ్వే చెప్పు. చేసినదానివి నువ్వు గదా."

అప్పటికీ నాకు తప్పు ఏమిటో అర్థం కాలేదు. ప్లాస్టిక్ వేస్తే పాడవడం ఏమిటి? మనవరాలికి ఫోను చేశాను. ఆ పిల్ల మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపింది.

"అవ్వా, నువ్వు నిజంగా మిషన్లో పెట్టిచ్చినావా?"

"పెట్టిచ్చినా. ఏం?"

"ఇవి పెట్టుకునేవాళ్ళకు కార్డు పుట్టింది పుట్టినట్టుండాలవ్వా. ప్లాస్టిక్ వేడికి దానికి కరుచుకుంటాది. మళ్ల రాదు. పీకితే బొమ్మ కూడా వచ్చేస్తాది. రొంత వంకరున్నా తీసుకుంటారు గానీ ఇట్లయితే ముట్టరు."

"వంకరుంటే తీసుకుంటారా?"

"తీసుకుంటారవ్వా. తాత ఊరికే భయపన్నాడు."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాను. మా ఆయన మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ కార్డును కవరులో పెట్టాలని చూస్తున్నాడు. చుట్టూ ప్లాస్టిక్ అంచు మిగలడంతో అది కవరులో పట్టడం లేదు. పట్టదని తెలిసి కూడా తోస్తున్నాడు.

ఆయన చేతిలోంచి కార్డు తీసుకొని, చెప్పులేసుకొని జిరాక్సు అంగడికి పోయాను. అంగడాయన కేరళ మనిషి. నన్ను ఉమ్మా అంటాడు, అమ్మా అన్నట్టు.

"ఇది తీసెయ్," అన్నాను హిందీలో.

"తీయడం ఎలా ఉమ్మా? వేడి తగిలింది, అయిపోయింది."

"వేసేది వచ్చినోనికి తీసేది రాదా?"

"గుడ్డు ఉడకపెట్టి ఇచ్చాక మళ్ళీ పచ్చిగుడ్డు చెయ్యమంటే నీకు వస్తుందా ఉమ్మా?"

వేరే రోజైతే ఆ మాటకు బదులు చెప్పేదాన్ని. ఆ రోజు తిరిగి వచ్చేశాను. దారిలో పడవలు ఆగే నీళ్ళ పక్కన నడుస్తూ, ఆ మనిషితో రేపు ఏ భాషలో ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. నాకు వంటింటి అరబీ వచ్చు, అంగడి హిందీ వచ్చు. క్షమించమని అడగడం ఏ భాషలోనూ అలవాటు లేదు.

రాత్రికి రసం, వంకాయ వేపుడు చేశాను. కోపం వచ్చినా అన్నం మానే మనిషి కాదు మా ఆయన. తిన్నాడు. పళ్ళెం తనే కడిగాడు. రోజూ నేను కడుగుతాను. ఆ పళ్ళెం కడగడం నాకు అన్ని తిట్లకంటే ఎక్కువ తగిలింది. లైటు ఆర్పి పడుకున్నాం.

శుక్రవారం పొద్దున ఏడుకు ఆ మనిషి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, పొట్టిగా, నవ్వు మొహంతో ఉన్నాడు. తోడు వచ్చినవాళ్ళు గేటు బయట కారులోనే కూర్చున్నారు. నన్ను చూసి "నానాయ్" అని చేతులు జోడించాడు. వాళ్ళ భాషలో అమ్మ అని అర్థమంట. గది ముందు అరుగు మీద చాప వేశాను. పాలు పోయని సులేమానీ టీ ఇచ్చాను. ఆయన సంచిలోంచి గట్టి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కార్డు తీసి చాప మీద పెట్టాడు. గొంతుక్కూర్చున్న ఆటగాడు, ముఖాన జాలీ, చేతికి తోలు తొడుగు. మా ఆయన దాని మీదికి వంగాడు గానీ ముట్టుకోలేదు.

తర్వాత ప్లాస్టిక్ వేసిన కార్డు తీసి చూపించాడు. ఆ మనిషి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"అంకుల్! ఇది ఎవరు చేశారు?" అన్నాడు హిందీలో.

"నేనే," అన్నాడు మా ఆయన. "తెలియక నేనే చేయించినా."

వాకిట్లో టీ గిన్నె పట్టుకొని నిలబడి ఉన్నాను. ముందు రోజు సాయంత్రం నన్ను అన్నేసి మాటలన్న మనిషి, పరాయివాడి ముందు నా పేరు ఎత్తలేదు. నాకు నోరు మూసుకొని ఉండటం సులువే. ఆయనే చేశానన్నాడు, ఆయనే పడతాడు. కానీ ఉండలేకపోయాను.

"ఆయన కాదు. నేను," అన్నాను. రొమ్ము మీద వేలు పెట్టుకొని మళ్ళీ చెప్పాను. "నేను చేయించినా. వంకర పోతాందని. మాఫ్ కరో."

"నువ్వుండే," అన్నాడు మా ఆయన.

"నువ్వు గమ్మునుండు. చేసింది నేను."

ఆ మనిషి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోప్పడలేదు. "నానాయ్, మంచి మనసుతోనే చేశావు. కానీ ఇది నేను తీసుకోలేను," అన్నాడు. ఎలా చెప్పాలో తెలియక ఆ కార్డును చాప మీద నెమ్మదిగా మా వైపు జరిపాడు. టీ తాగాడు. గేటు బయట వాళ్ళవాళ్ళు హారన్ కొట్టారు. తన కార్డును సంచిలో పెట్టుకోవడానికి చేయి చాపాడు.

"ఆగు," అన్నాడు మా ఆయన.

లోపలికి పోయి ఫైలు తెచ్చాడు. మధ్య అరలోంచి సారు ఇచ్చిన కార్డును రెండు గోళ్ళతో బయటికి లాగాడు.

"యో, అదియ్యద్దు," అన్నాను. "సారు ఇచ్చింది గదా అది. ఇంగొక ఏడు చూద్దాం. ఎవురి దగ్గరో ఒకరి దగ్గర దొరుకుతాది."

"రెండేండ్లు చూసినా. ఇంగ చూడ్లేను."

"నిన్న ప్రాణం పోయినా ఇయ్యనంటివి!"

"అంటిని. సారు కూర్చునే చోటే ఖాళీగా పెట్టుకోని, సారు ఇచ్చిందని దీన్ని ఎంతకాలం చూసుకుంటా?"

ఇచ్చేశాడు. ఆ మనిషి దాన్ని వెలుతురుకు తిప్పి, నాలుగు మూలలూ చూసి, తల ఆడించాడు. తన కార్డును రెండు చేతులతో మా ఆయనకు అందించాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. పోతూ పోతూ, సాయంత్రం చేపలు దొరికితే ఒకటి ఇచ్చి పోతానని నాతో అన్నాడు. కారు పోయింది.

మా ఆయన గొంతుక్కూర్చున్నవాణ్ణి ఖాళీ అరలోకి జార్చాడు. మధ్య అరలోకి ప్లాస్టిక్ వేసిన కార్డును పెట్టబోయాడు. పట్టలేదు. నేను వంటింటి కత్తెర తెచ్చి ఇచ్చాను. ఆయన తీసుకోలేదు. కార్డునే నా చేతికిచ్చాడు. అంచుల వెంబడి సన్నగా కత్తిరించాను. ఒక మూల ప్లాస్టిక్ కొంచెం విడిపోయింది. చూపించాను. "పర్వాలేదు, పెట్టు," అన్నాడు. పెట్టాను. బిగుతుగా ఉంది గానీ లోపలికి పోయింది.

అంతలో ఇంట్లోంచి యజమానురాలు పిలిచింది. ఆమెను మేము మామా అంటాం. చుట్టాలు వస్తున్నారు, రొట్టెలు ఎక్కువ కావాలని చెప్పింది. నేను పిండి కలపడానికి పోయాను. ఆయన ఫైలును పెట్టెలో పెట్టి, బకెట్టు తీసుకొని కారు కడగడానికి పోయాడు.